దున్నువాని పేరు

సికింద్రాబాదు మోండా అంగడికి తెల్లవాఱుచుండగా పోయిన గృహస్థుడు ధరలన్నియు విచారించును. బియ్యము సన్నమో దొడ్డో, క్రొత్తవో ప్రాతవో దోసిట బట్టి చూచును. కూరలు ఏ యూరినుండి వచ్చినవని యడుగును. ఇంత విచారించువాడు ఒక్క ప్రశ్నమాత్రము వేయడు: వీనిని పండించినవాడెవడు? అంగడిలో నా ప్రశ్నకు పని లేదు. అందుకు గృహస్థుని తప్పుపట్టనక్కఱలేదు. కాని యదే ప్రశ్నను మన దేశపు ప్రభుత్వములు రెండువందల యేండ్లుగా సరిగా వేయలేదు. వేసినప్పుడు సయితము తఱచుగా వేఱొకని పేరునే జవాబుగా వ్రాసికొన్నవి.

రైతు కష్టములనగానే వాన, ధర, అప్పు అని మూడింటిని చెప్పుట పరిపాటి. అవి నిజమైన కష్టములే. వానిని తీర్చుటకై యేర్పడిన సాయములును పెక్కులు: శిస్తు తగ్గింపు, తక్కువ వడ్డీకి ఋణము, ఋణమాఫీ, పంటనష్టమునకు పరిహారము, బీమా, పెట్టుబడికి నగదు. ఇవి యన్నియు కాగితము వెంబడి నడచును. కాగితముపై నెవని పేరున్నదో వానికే సాయము ముట్టును. పేరు లేనివాడు ఎంత దున్నినను ప్రభుత్వమునకు కనబడడు. కావున తెలంగాణమున భూమికాగితములలో దున్నువాని పేరు ఎప్పుడెక్కెనో, ఎట్లు జాఱిపోయెనో ఈ వ్యాసమున సంగ్రహముగా వివరింపదలచితిమి. ఆ చరిత్రకై దూరము పోనక్కఱలేదు. అది మన లష్కరు వీథులలోనే యారంభమైనది.

సికింద్రాబాదు సైన్యమువలన పుట్టిన నగరము. 1798లో నిజాము అలీఖాను ఇంగ్లీషు కుంఫిణీతో సంధిచేసికొని, కుంఫిణీ పటాలములను తన రాజ్యమున నుంచుకొని, వాని ఖర్చు భరించుటకు ఒప్పుకొనెను. హుస్సేనుసాగరమునకు ఉత్తరమున ఆ దండు విడిసెను. 1806లో ఆ దండుపేటకు నిజాము సికందర్ జా పేరు వచ్చెను. ఈ సైన్యమునకై యేటేట చెల్లవలసిన సొమ్ము ఇరువదినాలుగు లక్షల రూపాయలకు పైబడినది. అంత సొమ్ము నగదుగా చెల్లించుట దుర్ఘటమగుటచే, 1800 సంవత్సరపు సంధిలో నిజాము మైసూరు యుద్ధములందు తన పాలికి వచ్చిన కడప, బళ్లారి, అనంతపురము మొదలగు సీమలను, కర్నూలులో కొంత భాగమును కుంఫిణీకి దత్తముచేసెను. అవియే దత్తమండలములు, 1928 నుండి మనము రాయలసీమ యని గౌరవముగా పిలుచుకొనుచున్న ప్రదేశము. కడప రైతు చెమటోడ్చి చెల్లించిన శిస్తుతో సికింద్రాబాదు సిపాయి జీతము గడచెను.

ఆ దత్తమండలములకు 1800 మొదలు 1807 వఱకు థామస్ మన్రో ప్రధాన కలెక్టరుగా నుండెను. అతడు పొలము పొలమును కొలిపించి, ఒక్కొక్క రైతు పేర శిస్తు నిర్ణయించి, రైతుతోనే నేరుగా లెక్కపెట్టుకొనుపద్ధతిని నాటెను. దానికి రైతువారీ యని పేరు. ఆ శిస్తు తేలికైనది కాదు. పదవి విడుచు సంవత్సరమున దానిలో నాల్గవవంతు తగ్గింపవలెనని మన్రోయే సిఫారసు చేసెను. శిస్తు భారమైనను ఒక మేలు జరిగినది. ఏ పొలమునకు ఎవడు బాధ్యుడో, వాని పేరేమో, ప్రభుత్వపు పుస్తకమున వ్రాయు నలవాటు తెలుగుదేశమున ఆ భాగమున నాటుకొనెను.

నిజాము చేతిలో మిగిలిన తెలంగాణమున నంతమాత్రపు మేలును జరుగలేదు. సికింద్రాబాదు దండుగాక, బొల్లారమువంటి తావులలో నింగ్లీషు అధికారులక్రింద నింకొక సైన్యము పెరిగినది. దాని జీతములకు ఖజానా చాలలేదు. రాజ్యభారము వహించిన చందూలాలు అప్పులకు దిగెను. హైదరాబాదులో విలియం పామరు కంపెనీవారు నూటికి 24, 25 రూపాయల వఱకు వడ్డీకి ప్రభుత్వమునకు ఋణమిచ్చిరి. 1823లో ఆ ఋణము తీర్చుటకై, ఉత్తర సర్కారులకుగాను కుంఫిణీ యేటేట నిజామునకు చెల్లించుచుండిన పేష్కషును ఒక్కసారిగా సొమ్ముచేసి ముగించిరి. దండు ఖర్చునకు మొదట దత్తమండలములు పోయినవి. తరువాత సర్కారుల పేష్కషు పోయినది. ఇక తీయవలసినది తెలంగాణపు రైతువద్దనే.

తీయుటకు కనుగొన్న యుపాయము గుత్త. తాలూకాయొక్క శిస్తును ఎక్కువ సొమ్ము ఒప్పుకొన్నవానికి కట్టబెట్టుదురు. ఆ గుత్తేదారు తన క్రిందివానికి, వాడు గ్రామములోని దేశముఖునకు పంచిపెట్టుదురు. గుత్తేదారునకు తాలూకా మొత్తము కావలెను. రైతు పేరుతో నతనికి నిమిత్తము లేదు. ఏ రైతు ఎంత విత్తెనో, ఎంత నష్టపడెనో, ఎవడు ఊరు విడిచి పాఱిపోయెనో యతని లెక్కలోనికి రాదు. 1820 నుండి రెసిడెంటుగా నుండిన మెట్కాఫు ఇంగ్లీషు అధికారులను జిల్లాలకు పంపి, గ్రామములతో నేరుగా శిస్తు ఒడంబడికలు చేయించెను. 1829లో ఆ యధికారులను తీసివేసిరి. గుత్తలు మఱల తలయెత్తెను. తుదకు 1853లో సైన్యపు బాకీలక్రింద బీరారు, రాయచూరు అంతర్వేది, నల్‌దుర్గము సీమలను నిజాము కుంఫిణీవశము చేయవలసివచ్చెను.

ఆ యేటనే యిరువదినాలుగేండ్ల యువకుడు సాలారుజంగు దివానుపదవికి వచ్చెను. తెలంగాణపు వ్యవసాయచరిత్రలో నితని పేరు విస్మరింపరానిది. అతడు గుత్తేదారులను క్రమముగా తొలగించి, జీతమునకు పనిచేయు తాలూకుదారులను నియమించెను. 1865లో జిల్లాబందీ యను నేర్పాటుచేసి రాజ్యమును జిల్లాలుగా, తాలూకాలుగా విభజించెను. ధాన్యరూపపు శిస్తును నగదునకు మార్పించెను. తరువాతి దశకములలో భూములను సర్వే చేయించి, పొలమునకు సంఖ్య, సంఖ్యకు శిస్తు, శిస్తునకు పట్టాదారును నిర్ణయించు బందోబస్తు జరిగినది. ఉద్దేశము శ్లాఘ్యమైనది. ఎనుబదియేండ్ల క్రిందట దత్తమండలములలో జరిగిన పని యిప్పుడు తెలంగాణమునకు వచ్చినది.

అయితే పుస్తకములో పేరు వ్రాయువాడెవడు? ఇచ్చటనే మూలమున చీడ పట్టినది. శిస్తు వసూలుచేయు పని పోయిన దేశముఖులకు, దేశపాండ్యాలకు ప్రభుత్వము ఏటేట రసూములు నిర్ణయించెను. వారి ప్రాబల్యము గ్రామమున చెక్కుచెదరలేదు. లెక్కలు వారి యిండ్లలోనివి. పట్వారీ వారి మాట దాటనివాడు. రాజభాష మొదట పారసీకము, తరువాత ఉర్దూ. తెలుగు తప్ప వేఱెఱుగని రైతు, తెలుగుకూడ చదువనేరని రైతు, తన పొలమునకెదుట ఎవని పేరు వ్రాయబడెనో యెట్లు తెలిసికొనును? తరతరములుగా దున్నుచుండిన మంచి భూములు పెక్కు దేశముఖుల పట్టాలలోనికి పోయినవి. ఆ పొలములలోనే ప్రాత రైతు కౌలుదారుడై నిలిచెను. విసునూరు దేశముఖునకు నలువది గ్రామములలో 40,000 ఎకరము లుండెనని పుచ్చలపల్లి సుందరయ్యగారు వ్రాసియున్నారు. ఒక్క మనుష్యుడు నలువదివేల యెకరములు దున్నజాలడు. ఆ పట్టాలు చెప్పు పేరు వేఱు, ఆ భూములెఱిగిన పేరులు వేఱు.

ఇది దివానీ భూముల సంగతి. నిజాము రాజ్యమున దివానీ భూమి నూటికి సుమారు అఱువది పాళ్లు. సుమారు ముప్పది పాళ్లు జాగీరుదారులది. పది పాళ్లు సర్ఫేఖాసు, అనగా నిజాము సొంత ఖర్చులకై యుంచుకొన్న భూమి. జాగీరులలో బందోబస్తు జరిగిన తావులు తక్కువ. అచ్చటి రైతు స్థితి జాగీరుదారుని దయపై నాధారపడియుండెను.

కౌలుదారులలోను తారతమ్యములున్నవి. షిక్మీదారునకు కొంత స్థిరమైన హక్కు గలదు. అసామీ షిక్మీ యనబడువాడు పట్టాదారుడు పొమ్మన్న దినమున పోవలసినవాడు. వీనికి అప్పు పుట్టవలెనన్నచో తాకట్టుపెట్టుటకు భూమి లేదు. ఉన్నది వచ్చెడి పంట మాత్రమే. విత్తనము వేళ నాగు తెచ్చుకొని, కళ్లమువద్ద ఒకటికి ఒకటిన్నర కొలిచి యిచ్చుట సామాన్యమయ్యెను. 1874లో సికింద్రాబాదునకు వాడీనుండి రైలు వచ్చినది. 1889లో బెజవాడవఱకు దారి పడినది. ఆముదములు, వేరుసెనగ, ప్రత్తి రైలెక్కి దూరదేశములకు పోజొచ్చెను. రైతు చేతిలో రూపాయ కనబడినది, రూపాయతోపాటు షాహుకారును కనబడెను. 1929-30లో ప్రభుత్వమువారు ఎస్. కేశవయ్యంగారుగారిచే రాజ్యపు గ్రామముల ఆర్థికస్థితిని విచారింపజేసిరి. ఆ విచారణ ముగియుసరికే ప్రపంచమంతట ధరలు కూలినవి. అమ్ముడుపోయిన గింజతో అప్పు తీఱక, అనేకుల భూములు ఋణదాతల చేతిలోనికి పోయినవి. భూముల యన్యాక్రాంతమును నిరోధించుటకు 1930 దశకమున చట్టము వచ్చినది. 1945 ప్రాంతమున అసామీ షిక్మీల రక్షణకును చట్టము వచ్చినది. వీనివలన పేరుగలవానికి కొంత మేలు కలిగియుండవచ్చును. పుస్తకమున పేరులేని కౌలుదారుడు తాను కౌలుదారుడనని యెట్లు ఋజువుచేసికొనగలడు?

ఈ ప్రశ్నను గ్రామములలో గట్టిగా వేసినవారు ఆంధ్రమహాసభవారు. 1930లో జోగిపేటలో సురవరము ప్రతాపరెడ్డిగారి యధ్యక్షతను తొలిసభ జరిగినప్పుడు భాష, విద్య, సంఘసంస్కారములు ప్రధానవిషయములు. వెట్టిచాకిరి, శిస్తు, కౌలు సమస్యలు క్రమముగా ముందునకు వచ్చినవి. 1944లో మనకు దగ్గఱనున్న భువనగిరిలో రావి నారాయణరెడ్డిగారి యధ్యక్షతను జరిగిన సభనాటికి అది రైతుల సభయై, చీలిపోయినది. ఆ దినములలోనిదే పాలకుర్తి ఐలమ్మగారి కథ. ఆమె చాకలి స్త్రీ; మల్లంపల్లి భూస్వామివద్ద కౌలుకు తీసికొనిన పొలమును కుటుంబముతో దున్నుకొనుచుండెను. పండిన పంటను విసునూరు దేశముఖు తన మనుష్యులచే కోయింపజూడగా, సంఘమువారు కోసి ధాన్యమును ఆమె యింటికి చేర్చిరి. ఈ కథను వీరగాథగా చెప్పుట విందుము. మా దృష్టిలో నిందొక చట్టసంబంధమైన విషయమున్నది. ఆమె పట్టాదారు కాదు. ఆమె కోరినది యితరుల భూమి కాదు. తాను దున్ని పండించిన పంట తనదని యొప్పుకొనుట. 1946 జులై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య కాల్పులలో మరణించుటతో ఆ పోరు సాయుధపోరాటముగా మాఱినది, 1951వఱకు సాగినది. ఉభయపక్షముల ప్రాణనష్టమును తలచుకొన్నప్పుడు, ఒక పుస్తకములో పేరులు నిజముగా వ్రాయబడియున్నచో నింత రక్తము చిందెడిదా యని దుఃఖము కలుగును.

1948లో నిజాము పాలన ముగిసినది. 1949లో సర్ఫేఖాసు ప్రభుత్వభూములలో కలిసినది, జాగీరులు రద్దయ్యెను. 1950 జూనులో హైదరాబాదు కౌలుదారీ, వ్యవసాయభూముల చట్టము వచ్చినది. ఆఱేండ్లు వరుసగా దున్నిన కౌలుదారుని ‘రక్షిత కౌలుదారు’ గా గుర్తించి, వాని పేరు పుస్తకమున కెక్కింపవలెనని ఆ చట్టము విధించెను. ఇష్టమువచ్చినపుడు వానిని తొలగింపరాదు. కౌలునకు మితి గలదు. ఆ పొలమును కొనుటకు వానికి ముందుహక్కు గలదు. తెలంగాణపు చరిత్రలో దున్నువాని పేరును వెదకిపట్టుకొని వ్రాసిన తొలిచట్ట మిదియే.

దాని ఫలితమెట్లుండెను? ఎ. ఎం. ఖుస్రోగారు విచారించి 1958లో ప్రకటించిన గ్రంథము మనకు సమాధానము చెప్పుచున్నది. 1951లో రక్షితులుగా గుర్తింపబడిన నూర్గురిలో నాలుగేండ్లలోపల రక్షితులుగా మిగిలినవారు సుమారు 45 మంది. సుమారు 12 మంది పొలమును కొనుక్కొని స్వంతదారులైరి. సుమారు 22 మంది చట్టవిరుద్ధముగా తొలగింపబడిరి. సుమారు 17 మంది ‘స్వచ్ఛందముగా’ వదలుకొనిరని వ్రాతలో నున్నది. చట్టప్రకారము తొలగింపబడినవారు ఇద్దరు ముగ్గురే. ఈ స్వచ్ఛందమను మాట ఏ యొత్తిడిమీద, ఏ యప్పు పత్రము నెదుట బెట్టి వ్రాయించినదో పల్లెటూరివారికి వేఱుగ చెప్పనక్కఱలేదు. అయినను పండ్రెండుగురు స్వంతదారులైరనునదియు మఱువరాదు. పేరు వ్రాయుటవలన కలిగిన ఫలము అది.

ఆ సంవత్సరములలోనే, 1951 ఏప్రిల్ 18న, వినోబా భావేగారు పోచంపల్లిలో హరిజనులు కోరిన ఎనుబది యెకరములకై గ్రామస్థుల నడుగగా, వెదిరె రామచంద్రారెడ్డిగారు నూఱెకరములు దానమిచ్చిరి. దేశమంతట భూదానోద్యమమునకు అది నాంది. దాత యుదారుడు, దానము పవిత్రము. అయినను దానమొక్కరి మనస్సుపై నాధారపడును, హక్కు పుస్తకముపై నాధారపడును. 1954లో సవరింపబడిన చట్టములోని 38-ఇ విభాగముక్రింద, 1973 జనవరి 1 నుండి మిగిలిన రక్షిత కౌలుదారులకు స్వామ్యపత్రము లిచ్చుట యారంభమయ్యెను. ఇరువదియేండ్లు నిలదొక్కుకొన్నవారికి అది దక్కినది.

అటుపిమ్మట కౌలు అంతరించెనా? లేదు, కాగితమునుండి మాత్రమే యంతరించినది. కౌలుదారుని పేరు వ్రాసినచో భూమి పోవునను భయము పట్టాదారులకు పుట్టెను. కౌలు నోటిమాటకు దిగినది. ఏటేట పొలము మార్చుట, ఏటేట మనిషిని మార్చుట అలవాటయ్యెను. కౌలుదారుని రక్షింపవచ్చిన చట్టమే కౌలుదారుని దాచివేయుటకు కారణమగుట విచారకరము. ఈ విషమును గుర్తింపక ఏ సంస్కర్తయు ముందునకు పోలేడు.

గ్రామములు మాఱినవి. 1984లో పటేలు పట్వారీల వ్యవస్థ రద్దయ్యెను. చదువుకొన్నవారు, ఉద్యోగస్థులు, వ్యాపారులు పట్టణములకు తరలిరి. పట్టా వారి పేరనే నిలిచెను, సాగు వేఱువారికి పోయెను. చెఱువులు పూడినకొలది బోరుబావులు పెరిగినవి. చెఱువు ఊరుమ్మడి సొత్తు. బోరు మాత్రము సాగుచేయువాని స్వంత అప్పు. మెట్టపొలములలో ప్రత్తి విస్తరించినది. 1997-98లో పురుగుతాకిడికి ప్రత్తి నశించి, వరంగల్లు జిల్లాలో రైతులు పెక్కుమంది ఆత్మహత్యలు చేసికొనినప్పుడు దేశము తెల్లబోయెను. ఆ మృతులలో పరులభూమిని కౌలుకు పట్టినవారును గలరు. 2004లో జయతీఘోషుగారి యధ్యక్షతను ఏర్పడిన రైతుసంక్షేమ సంఘము కౌలుదారులను గుర్తింపవలెనని చెప్పెను. 2011లో ఉమ్మడి ఆంధ్రప్రదేశమున సాగుదారులకు ఋణార్హత పత్రము లిచ్చు చట్టము వచ్చినది. భూమిపై హక్కు పుట్టకుండ, ఆ యేటి సాగును మాత్రము గుర్తించు నుద్దేశము దానిది. మంచి యూహ. కాని పత్రమిచ్చినను అనేక బ్యాంకులు తాకట్టు లేనిదే ఋణమీయ వెనుదీసెను. తెలంగాణమున ఆ చట్టము క్రమముగా మూలబడెను.

2018 మే 10న తెలంగాణ ప్రభుత్వమువారు రైతుబంధు పథకము నారంభించిరి. పంటకు ఎకరమునకు 4,000 రూపాయలు, ఏటికి 8,000; మఱుసటి యేటినుండి 10,000. అప్పుపాలు గాకముందే రైతుచేతిలో పెట్టుబడి యుంచవలెనను తలంపు అపూర్వమైనది. విత్తునాటికి సొమ్ము చేతికందిన చిన్న పట్టాదారులు షాహుకారు గడప తొక్కక గడచిరనుట మేము కన్నులార చూచితిమి. ఆ యాగస్టు 15 నుండి రైతుబీమా; పట్టాదారుడు మరణించినచో కుటుంబమునకు 5 లక్షలు. రెంటికిని ఆధారము పట్టాదారు పాసుపుస్తకము. కౌలుదారుడు రెంటికిని వెలుపలివాడు.

ఇచ్చట మా యింటి సంగతి దాచుట న్యాయము కాదు. జనగామ దిక్కున నొక గ్రామమున మాకు పూర్వులనుండి వచ్చిన యేడెకరముల పట్టా కలదు. మేము సికింద్రాబాదులో నుందుము. ఆ భూమిని ఒక కుటుంబమువారు పదునాల్గేండ్లుగా దున్నుచున్నారు. 2018 వానకాలమున మాకు 28,000 రూపాయల చెక్కు వచ్చెను. యాసంగికి మఱల నంతయే. అదే యేడు ఆ రైతు మాకు కౌలుక్రింద ఎకరమునకు 7,000 చొప్పున 49,000 రూపాయలు చెల్లించెను. ప్రత్తికి గులాబిపురుగు పట్టి అతనికి పెట్టుబడియు రాలేదు. సొమ్ము తెచ్చి యిచ్చుచు నతడు మమ్ము నొక్కమాటయు ననలేదు. అతని యిల్లాలు మాత్రము, ‘‘మీకు సర్కారు ఇచ్చిందట గద బాపూ’’ అని నవ్వుచు నడిగెను. మేము సంకోచించితిమి, సొమ్మును పుచ్చుకొంటిమి. సంస్కారమును గూర్చి పదిమందికి చెప్పు మా యింట జరిగినది యిది.

పాత పహాణీలో పట్టాదారు పేరుకు తోడుగా అనుభవదారు పేరునకును ఒక గడి యుండెను. అందు వ్రాసినదంతయు నిజమని కాదు. వివాదములకు, లంచములకు అది తావిచ్చినమాటయు నిజము. 2020లో క్రొత్త చట్టముతో ధరణి వచ్చినప్పుడు ఆ గడి తొలగిపోయినది. రెండువందల యేండ్ల చరిత్రలో దున్నువాని పేరు వ్రాయుటకు మిగిలిన చిన్న చోటు అట్లు మాసిపోయెను. 2022లో రైతు స్వరాజ్య వేదికవారు ఇరువది జిల్లాలలో ముప్పదినాలుగు గ్రామములలో 7,744 మంది రైతులను విచారింపగా, నూటికి సుమారు 36 మంది కౌలుకు భూమి పట్టినవారని తేలెను. 2025లో ధరణికి బదులు భూభారతి వచ్చినది. ఆ యేటి జనవరి 26న ఎకరమునకు ఏటికి 12,000 చొప్పున రైతుభరోసా యారంభమయ్యెను. భూమిలేని కూలీలకు వేఱొక సాయము ఏర్పడెను. ఎకరపు సొమ్ము మాత్రము మునుపటివలె పట్టానే యనుసరించినది. పట్టాదారునకును కూలికిని నడుమనున్న కౌలుదారుడు నడుమనే నిలిచిపోయెను.

ఇక పట్టాదారుని యభ్యంతరమును న్యాయముగా విచారింతము. ‘‘పేరు వ్రాసినచో భూమి పోవును, 1950లో పోలేదా?’’ అని యతడనును. అది కల్పితమైన భయము కాదు. దున్నువానికి స్వామ్యమీయవలెనని చట్టము తలచిన కాలమది. స్వామ్యమువేఱు, సాగువేఱు అని స్పష్టముగా విడదీసి వ్రాసినచో భయమునకు చోటుండదు. వంగదేశమున 1978 నుండి జరిగిన బర్గా నమోదును చూడుడు. అధికారులు గ్రామములకు పోయి, పదిమంది యెదుట విచారించి, పదునాలుగు లక్షల వఱకు భాగపు రైతుల పేరులు పుస్తకమున వ్రాసిరి. భూస్వామి స్వామ్యము పోలేదు, అతని పాలును పోలేదు. దున్నువానికి తొలగింపులేని సాగును, న్యాయమైన పాలును స్థిరపడినవి. ఆంధ్రప్రదేశమున 2019లో వచ్చిన చట్టము పదునొకండు నెలల సాగు ఒడంబడికను గుర్తించి, స్వామ్యమునకు హానిలేదని చెప్పినది. పట్టాదారుని సంతకము కావలసియుండుటచే దానికిని అవరోధము లేకపోలేదు. కావున చట్టమెంత చక్కగా వ్రాసినను, సంతకము చేయవలసిన చేయి ముందుకు రావలెను. ఆ చేయి పల్లెలో లేదు. పెక్కుసారులు మన నగరములోనే యున్నది.

ప్రభుత్వము చేయవలసిన పనులు స్పష్టము. ప్రతి పంటకును గ్రామమున సభచేసి ఆ పంటకాలపు సాగుదారుల పట్టిక వ్రాయవలెను. పెట్టుబడిసాయము, పంటనష్టపరిహారము, బీమా, కొనుగోలు కేంద్రములలో అమ్మకము, ఇవి ఆ పట్టికను అనుసరింపవలెను. స్వామ్యపుస్తకమును దానితో కలుపరాదు. పట్టికలో పురుషుని పేరుతోపాటు కలుపుతీసి, ప్రత్తియేరి, అప్పునకు బాధ్యత వహించు స్త్రీ పేరును వ్రాయవలెను. భర్త పోయిన మఱునాడు అప్పులవాడు ఆమె పేరు మఱచిపోడు. సాయమిచ్చువాడు మాత్రమేల మఱచిపోవలెను?

మనము చేయవలసినదానికి చట్టముకొఱకు వేచియుండ నక్కఱలేదు. ఈ పత్రికను చదువు గృహములలో పెక్కింట ఎక్కడనో యొక పల్లెయందు పట్టా కలదు. ఆ భూమిని ఎవరు దున్నుచున్నారో, వారి పేరేమో, వారి పిల్లలేమి చదువుచున్నారో ఇంటిలో నెందఱికి తెలియునో విచారించుకొనవలెను. కౌలును కాగితముపై వ్రాయవలెను. పంట పోయిన యేడు కౌలు తగ్గింపు ఎంతయో అందే వ్రాయవలెను. మన పేర వచ్చిన పెట్టుబడిసాయము పెట్టుబడి పెట్టినవానికి చేరవలెను.

గడచిన యుగాదినాడు మేము గ్రామమునకు పోయి, రెండు ప్రతులుగా కౌలుపత్రము వ్రాసితిమి. మూడేండ్ల గడువు, కౌలు ఇంత, పట్టాదారునకు ప్రభుత్వసాయము వచ్చినచో అది సాగుదారునిదే, పంటనష్టమైన యేట సగము కౌలు మాఫీ. రైతు పేరు, అతని యిల్లాలి పేరు రెండును వ్రాసితిమి. ఆ పత్రమును చూచి ఋణమిచ్చు బ్యాంకుండునో లేదో చెప్పజాలము. ఆమెకు చదువు రాదు. తన పేరు ఎక్కడ నున్నదో చూపుమని యడిగి, దానిపై వ్రేలుంచి కొంతసేపు చూచి, పత్రమును మడిచి బియ్యపు కుండలో దాచికొనెను.